రిమార్కుల గడి

ఆ ఉదయానికి అది నలభై మూడో బిల్లు. ఎడమవైపు తెర మీద ఆసుపత్రివాళ్ళు పంపిన బిల్లు స్కాన్ కాపీ, కుడివైపు తెర మీద ఖాళీ గడుల ఫారం. ఆమె కళ్ళద్దాలను ముక్కు కొసకు జార్చుకుని, తల కాస్త పక్కకు వాల్చి డాక్టరు చేతిరాత చదివింది. తడికాళ్ళతో కోడి నడిచి వెళ్ళినట్టుంది ఆ రాత. రెండు క్షణాలు చూసి, మీటల వైపు చూడకుండానే కోడు కొట్టేసింది. ఎడమ రొమ్ము, తిరగబెట్టిన కణితి, సూదిమందు, మూడో విడత. తేదీ కొట్టింది. ఆసుపత్రి నంబరు కొట్టింది. ఆ బిల్లు మాయమై నలభై నాలుగోది వచ్చి కూర్చుంది.

బీమా కంపెనీ మూడో అంతస్తులో క్లెయిముల విభాగం అది. ఒకప్పుడు ఇరవై రెండు సీట్లూ నిండి, పొద్దున్నించి సాయంత్రం దాకా రేకుల మీద వాన పడుతున్నట్టు మీటల చప్పుడు ఉండేది. ఇప్పుడు శుభ్రంగా అచ్చైన బిల్లులన్నీ మిషనే చదివేసుకుంటోంది. మిషన్‌కు కొరుకుడు పడనివి ఈ గదికి వస్తాయి. వాటికి ఐదుగురు మనుషులు. ఆ ఐదుగురిలో నలుగురికి కొరుకుడు పడనివి ఆమె బల్ల మీదికి వస్తాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమెది ఒకటే సీటు. కిటికీ నుంచి రెండో వరస, చల్లగాలి గొట్టం సరిగ్గా నెత్తి మీద. వేసవిలో కూడా శాలువా కప్పుకుని కూర్చునేది. మీటలు కొట్టీ కొట్టీ కుడిభుజం ఎడమభుజం కన్నా వేలెడు కిందికి దిగింది. మణికట్టు దగ్గర, బల్ల అంచు ఆనేచోట, చర్మం కాయకట్టి నున్నగా మెరిసేది.

ఆఫీసులో అందరూ ఆమెను కోడత్త అనేవారు. ఏ జబ్బు కోడైనా నిద్రలో లేపి అడిగినా చెబుతుంది గనక కోడు. అందరికన్నా పెద్దది గనక అత్త. మొదట్లో చాటుగా అనేవారు. ఒకరోజు ఆమె విని, "పెళ్ళీ చేసుకోలేదు, కొడుకూ లేడు. కోడలి పోరు లేకుండా అత్త హోదా దక్కిందంటే మాటలా!" అని తనే పకపకా నవ్వింది. ఆ తర్వాత మొహం మీదే పిలవడం మొదలుపెట్టారు.

పదిన్నరకు పరిశోధన డాక్టరు వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో, వీపున సంచీ, చేతిలో ఎప్పుడూ సగం తిన్న బిస్కెట్ పొట్లం. కేన్సర్ వైద్యం మీద పనిచేసే సంస్థ నుంచి రెండేళ్ళుగా ప్రతి శుక్రవారం వస్తోంది. ఏ మందు ఎవరికి ఎంతకాలం ఇచ్చారు, ఎవరు మధ్యలో మానేశారు, ఎవరికి తిరగబెట్టింది అన్న సంగతులు కొన్ని లక్షల బిల్లుల్లో చెల్లాచెదురుగా పడి ఉన్నాయని, ఏరి పోగేస్తే వైద్యానికి పనికొస్తుందని వాళ్ళ ఆలోచన. బీమా కంపెనీ ఒప్పుకుంది. కానీ మనుషుల పేర్లు బయటికి పోకూడదు. పేర్లు, చిరునామాలు తీసేసి, ఒక్కొక్కరికి పదకొండంకెల నంబరొకటి తగిలించి ఇచ్చే పని కోడత్తకు అప్పజెప్పారు. ఏ నంబరు ఎవరిదో చూపించే పట్టిక ఆమె దగ్గరే, తాళం వేసిన ఫైల్లో ఉండేది. రెండేళ్ళలో ఆ పట్టికలోని ఒక్క పేరు కూడా ఆమె నోటి వెంట రాలేదు.

మొట్టమొదటి శుక్రవారమే ఆమె డాక్టరుతో ఒక మాట అంది. "బిల్లు చేతికిచ్చి మనిషిని చూపించమంటే ఎలా అమ్మా? ఇది చెల్లింపు కోసం పుట్టిన కాగితం. క్లెయిములు ఆగిపోయాయంటే ఆ మనిషికి నయమైందో, కంపెనీ మారాడో, అసలు పోయాడో దీనికి తెలీదు." డాక్టరు ఆ మాటను తన నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది.

ఈ శుక్రవారం డాక్టరు మొహం వెలిగిపోతోంది. సంచీలోంచి పిన్ను కొట్టిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అయిపోయింది మేడమ్. సోమవారం మీ కంపెనీ వైద్య కమిటీ ముందు పెడుతున్నాం. మీరు ఒకసారి పట్టికలు చూస్తే చాలు. అంకెలేవైనా తారుమారయ్యాయేమో."

అరవై దాటిన ఆడవాళ్ళలో రొమ్ము కేన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక ఇచ్చే రేడియేషన్, జనం మాటల్లో కరెంటు వైద్యం, గురించిన నివేదిక అది. పాత పద్ధతిలో పాతిక సార్లు, ఐదు వారాలు. కొత్త పద్ధతిలో పదిహేను సార్లు, మూడు వారాలు. రెండూ ఒకేలా పనిచేస్తాయని డాక్టర్లు అనుకుంటున్నారు గానీ, మామూలు జనం నిజంగా దాన్ని పూర్తి చేస్తున్నారా లేదా అన్నది ప్రశ్న.

"ఏం తేలింది?" అంది కోడత్త, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"ఆశ్చర్యమే మేడమ్. పదిహేను వాళ్ళే ఎక్కువగా మానేస్తున్నారు. పంతొమ్మిది వందల మందిలో రెండొందల ముప్ఫై ఎనిమిది మంది ఒక్కసారి వెళ్ళొచ్చి మళ్ళీ మొహం చూపించలేదు. ఒక్కసారికి ఇచ్చే మోతాదు ఎక్కువ కదా, తట్టుకోలేకపోతున్నారేమో. కమిటీ ఇక కొత్త పద్ధతికి ముందస్తు అనుమతి లేనిదే ఒప్పుకోకపోవచ్చు. మళ్ళీ అందరికీ పాతికే."

కోడత్త నాలుగో పేజీలోని పట్టిక మీద వేలు పెట్టింది. ఒక్కసారితో ఆపినవారు: 238. ఆ వరస మీదే వేలు చాలాసేపు ఉండిపోయింది.

"అమ్మా, ఈ రెండొందల ముప్ఫై ఎనిమిది మందిలో ఎంతమంది ఒకే ఆసుపత్రి వాళ్ళు?"

డాక్టరు తన కంప్యూటర్ తెరిచి వెతికింది. బిస్కెట్ నములుతున్న నోరు ఆగిపోయింది. "అందరూ. అందరిదీ ఒకే ఆసుపత్రి నంబరు. తేదీలు కూడా... పధ్నాలుగు నెలల్లోపే."

"నాకు మధ్యాహ్నం దాకా టైమివ్వండి," అని కోడత్త లేచింది.

ఆమెకు ఆ పధ్నాలుగు నెలలు గుర్తుండటానికి కారణం ఉంది. ఆరేళ్ళ కిందట ఆమె అక్కకు రొమ్ములో గడ్డ తేలింది. భర్త పోయాక అక్క చెల్లెలి ఇంటికే వచ్చి ఉంటోంది. ఆపరేషన్ అయింది, కరెంటు పదిహేను సార్లు పెట్టాలన్నారు. మొదటిరోజు వెళ్తే తలుపు మీద కాగితం అంటించి ఉంది, యంత్రం మరమ్మతులో ఉందని. ఆ మరమ్మతు ఏడాది దాటింది. ఆసుపత్రివాళ్ళు ఒక వ్యాను పెట్టి, ఎనిమిదేసి మంది ఆడవాళ్ళను ఊరి ఆ చివరనున్న మరో ఆసుపత్రికి పంపేవారు. కోడత్త నెలన్నర సెలవు పెట్టి, మూడు వారాలు రోజూ అక్కతో ఆ వ్యానెక్కింది. నేలమాళిగలో పొడవాటి నడవా, గోడవారగా బెంచీలు, ఆ చివర మందపాటి తలుపు, దాని మీద ఎర్రదీపం. దీపం వెలిగితే అక్క లోపల ఉన్నట్టు. ఒంటి మీద సిరాతో గీతలు గీసినప్పుడు అక్క, "ఏం బాబూ, నా మీదుగా రోడ్డు వేస్తున్నారా? బస్సు కూడా తిప్పుతారా?" అని అడిగితే గీసే అతను నవ్వాపుకోలేక గీత వంకరపోయింది. వ్యానులో ఒకావిడ ఉండేది, కూలిపని చేసే మనిషి. "పదిహేనన్నారు గనక వస్తున్నానమ్మా. పాతిక రోజులు పని మానుకోవాలంటే మాత్రం, దేవుడా నీ ఇష్టం అని ఇంట్లోనే కూర్చుందును," అంది. వ్యానులో అందరూ ఆ మాటకు తలలూపారు.

ఆ బిల్లులు మొదటి ఆసుపత్రి పేరనే, ఒక్కొక్కరికి ఒకే ఒక్క కాగితంగా ఆమె బల్ల మీదికి వచ్చేవి. పదిహేను సార్లకూ కలిపి ఒకటే వరస, మొదటిరోజు తేదీ. అప్పటి ఫారంలో 'ఎన్నిసార్లు' అనే గడి ఇంకా పుట్టలేదు. గడి లేకపోతే కంప్యూటర్ లెక్కలో ఒక వరస అంటే ఒక్కసారి.

కానీ రిమార్కుల గడి ఉండేది. ఫారం అడుగున, ఎవరూ పట్టించుకోని ఖాళీ చోటు. కోడత్తకు కాగితం మీద ఉన్న సంగతి కంప్యూటర్లోకి వెళ్ళకుండా మిగిలిపోతే అన్నం సహించేది కాదు. అందుకని కాగితం చెప్పినదంతా ఆ గడిలో కొట్టేది. దానికి ఒకసారి అప్పటి ఆఫీసరు చీవాట్లు పెట్టాడు. "రోజుకు మీరు ఇరవై బిల్లులు తక్కువ చేస్తున్నారు. ఆ రిమార్కులు ఏ తాత చదువుతాడండీ?" ఆమె సరే సార్ అంది. మర్నాటి నుంచి ఇరవై బిల్లులు ఎక్కువ చేసి, రిమార్కులు కూడా కొట్టింది. అందుకోసం మధ్యాహ్నం నడుం వాల్చే పావుగంట మానేసింది.

పరిశోధనకు సమాచారం ఇచ్చేటప్పుడు ఆ గడిని మొత్తానికి తీసేసింది కూడా ఆమే. రిమార్కుల్లో ఎక్కడైనా ఒక పేరో, ఇంటి గుర్తో దొర్లి ఉండొచ్చు. ఇవ్వకూడదనేది నియమం. నియమం ప్రకారమే చేసింది. ఇప్పుడు తన చేత్తో తీసేసిన దాంట్లోనే సంగతంతా ఉంది.

సెక్షన్ ఆఫీసరు గది పై అంతస్తులో. ఆమె మెట్ల మధ్యలో ఆగి, నోటీసు బోర్డు చదువుతున్నట్టు కాసేపు నిలబడింది. ఊపిరి సర్దుకున్నాక పైకెక్కింది. ఈ మధ్య అలా ఆగడం మామూలైపోయింది. నోటీసులన్నీ ఆమెకు కంఠతా వచ్చేశాయి.

ఆఫీసరు మంచివాడే గానీ పిరికివాడు. కలం మూత తీస్తూ పెడుతూ అంతా విన్నాడు.

"అంటే మనమిచ్చిన సమాచారం తప్పు అంటారు."

"తప్పు కాదు సార్, చాలదు."

"రెండూ ఒకటే. పైవాళ్ళు సంతకం పెట్టి ఇచ్చేశారు. ఇప్పుడు మన తప్పు మనమే డప్పు కొట్టుకోవాలా? సోమవారం కమిటీ. ఆ డాక్టరమ్మ అడిగిందా?"

"లేదు సార్. ఆవిడకు తెలీదు. నాకే తోచి మీతో చెబుతున్నాను."

"అడగని దానికి జవాబెందుకండీ చెప్పడం? మెమో అంటూ వస్తే ఎవరి పేరు మీద వస్తుందో తెలుసా? ఆ బిల్లులు కొట్టింది మీరు. రిమార్కులు తీసేసింది మీరు. ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నారు. చల్లగా వెళ్ళిపోక..."

"రానివ్వండి సార్. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాకొక మెమో కూడా రాలేదు. అదెలా ఉంటుందో చూడాలని నాకూ ఉంది."

ఆఫీసరుకు నవ్వొచ్చింది. నవ్వు వచ్చాక కాదనడం అతని చేత కాలేదు. రిమార్కులు ఎవరికీ చూపించకూడదు, అందులోంచి అంకె ఒక్కటే బయటికి పోవాలి, ఎవరి బిల్లూ అచ్చు తీయకూడదు అని మూడు షరతులు రాసి సంతకం పెట్టాడు. సంతకం కింద తేదీ వేయబోయి ఆగి, "ఆ కొత్త పద్ధతి... మంచిదేనంటారా?" అని అడిగాడు.

"అది చెప్పడానికి డాక్టర్లున్నారు సార్. ఎంతమంది పూర్తి చేశారో మనం చెబుదాం."

మధ్యాహ్నం పన్నెండుకు మొదలుపెట్టారు. కోడత్త తెరను తన వైపు తిప్పుకుంది. డాక్టరు బల్లకు అవతల, తెర వెనుక వైపు కూర్చుంది. తెర మీద ఉన్నది డాక్టరు చూడకూడదు. డాక్టరు కాగితంలో వరస నంబర్లు ఉన్నాయి. కోడత్త చదివి అంకె మాత్రం చెబుతుంది, డాక్టరు రాసుకుంటుంది.

"ఒకటి. పదిహేను."

"పదిహేను."

"రెండు. పదిహేను."

"పదిహేను."

"మూడు. తొమ్మిది. జ్వరం వచ్చి ఆపారు."

డాక్టరు తలెత్తింది. "జ్వరమని కూడా రాశారా?"

"బిల్లు మీద ఉంది, రాశాను. అది మీరు రాసుకోకండి. షరతు అంకెకే."

తెర మీద తన పాత మాటలు ఒక్కొక్కటే వస్తుంటే కోడత్తకు పాత డైరీ తిరగేస్తున్నట్టే ఉంది. '15 సార్లు, మిషన్ చెడి వేరేచోట.' '15, ఒకే బిల్లు.' '15. పేషెంటు వయసు తప్పు పడింది, 71 కాదు 61.' ఒకచోట ఒక పూర్తి పేరు, భర్త పేరుతో సహా ఉంది. ఆమె చేత్తో తెర మీద ఆ చోటును కప్పి, అంకె చదివి, ముందుకు పోయింది. నలభై దాటాక ఇద్దరికీ ఒక లయ కుదిరింది. రోటి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఒకే పిండి దంచుతున్నట్టు ఒకరి మాట పడగానే ఇంకొకరి మాట పడేది. భోజనాలకు లేవలేదు. డాక్టరు బిస్కెట్ పొట్లం ఇద్దరి మధ్యా పెట్టింది. పక్క సీట్లవాళ్ళు వచ్చి తొంగిచూసి, కోడత్త ఒక చూపు విసరగానే వెనక్కి తగ్గారు.

నూట తొంభై రెండో వరస దగ్గర ఆమె గొంతు ఆగింది.

ఆ పదకొండంకెలు ఆమెకు తెలుసు. రెండేళ్ళ కిందట పట్టిక తయారు చేసినరోజే చూసింది. చూసి, ఇంకో నంబరును చూసినట్టే చూసి, వదిలేసింది. ఇప్పుడు ఆ వరసలో తేదీ ఉంది, కోడు ఉంది, రిమార్కుల గడి ఖాళీగా ఉంది. కొట్టినవారి గుర్తు తనది కాదు. అప్పుడు తను సెలవులో ఉంది. మూడు వారాలు నడవాలో, బెంచీ మీద, ఎర్రదీపం కేసి చూస్తూ కూర్చుంది, ఆ తర్వాత అక్క తేరుకునేదాకా ఇంట్లో ఉంది. ఆ నెలన్నరా తన సీట్లో కూర్చున్న మనిషి గడి ఖాళీగా వదిలేశాడు. అలా వదలమనే కదా ఆఫీసు చెప్పింది, అతన్ని అనడానికి లేదు. ఐదేళ్ళు దాటిన కాగితాలను ఎప్పుడో ముక్కలు చేసి పారేశారు.

"మేడమ్?"

"నూట తొంభై రెండు," అంది కోడత్త. శాలువా భుజం మీదికి లాక్కుంది. "తెలియదు."

డాక్టరు కలం ఆపింది. "ముందూ వెనకా అన్నీ పదిహేనే కదా మేడమ్. అదే నెల, అదే ఆసుపత్రి. పదిహేనని అనుకోవచ్చుగా?"

"అనుకోవచ్చు. అనుకున్నది రాయకూడదు."

"ఆ పేషెంటుకు ఫోన్ చేసి కనుక్కునే వీలుందా? మీ ద్వారానే, నాకు పేరు తెలియకుండా."

"లేదమ్మా." ఆమె గొంతు మెత్తగానే ఉంది. "ఈ నంబర్ల వెనకాల ఎవరున్నారో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. తెలిసింది కదా అని వాడుకోవడం మొదలుపెడితే నన్నిక్కడ కూర్చోబెట్టడం దండగ. ఒకరికి వాడితే రేపు ఇంకొకరికి వాడతాను. రాయండి, తెలియదు."

డాక్టరు రాసింది.

నాలుగు దాటాక రెండొందల ముప్ఫై ఎనిమిదో వరస అయింది. లెక్క వేశారు. పదిహేను సార్లూ పూర్తి చేసినవాళ్ళు రెండొందల పదకొండు మంది. మధ్యలో ఆపినవాళ్ళు పంతొమ్మిది. తెలియనివాళ్ళు ఎనిమిది. డాక్టరు కంప్యూటర్లో అంకెలు మార్చి, మళ్ళీ నడిపించి చూసింది. తెల్లబోయి, తర్వాత చిన్నగా ఈల వేసింది. రెండు పద్ధతులకూ తేడా మాయమైంది. ఆ మాటకొస్తే పదిహేను వాళ్ళే ఓ పిసరు నయం.

"సోమవారం నేను ఎంత ధీమాగా తప్పు చెప్పి ఉండేదాన్నో తెలుసా మేడమ్? ఆడవాళ్ళు తట్టుకోలేక మానేశారని ఒక పేరా మొత్తం రాశాను. ఎంత బాగా రాశానో కూడా!" అని డాక్టరు ఆ పేజీ చింపి నలిపింది. "అసలు మీరు ఎలా పట్టుకున్నారు?"

"బిల్లులు చూసీ చూసీ వస్తుందమ్మా," అంది కోడత్త.

"నివేదికలో మీ పేరు వేస్తాను."

"పేర్లు తీసేయడం కదా నా పని. నా పేరు నేనే ఎక్కించుకుంటే బాగుండదు. విభాగం అని వేయండి చాలు." ఆమె లేచి నిలబడి, రెండు చేతులతో నడుం పట్టుకుని వెనక్కి విరుచుకుంది. "ఆ ఎనిమిది మందిని మాత్రం మింగేయకండి. తెలియదు అనే వరస కూడా పట్టికలో ఉండాలి."

అయిదూ పదికి బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది. అద్దంలోంచి ఎండ ఒళ్ళో పడుతుంటే, రోజంతా చల్లగాలిలో బిగుసుకున్న మోకాళ్ళు కాస్త సడలాయి. ఎడమచెయ్యి బరువుగా అనిపించి, సంచీని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. ముందు సీట్లో ఒక పసిపిల్ల తల్లి భుజం మీంచి ఆమెను కన్నార్పకుండా చూసింది. ఆమె కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. పిల్ల నవ్వింది. తన స్టాపు వచ్చేదాకా ఆ ఆట సాగింది.

ఇల్లు రెండు గదులు, ఒక వంటిల్లు. అక్క తలుపు తీస్తూనే మొదలుపెట్టింది.

"ఏమే బుల్లీ, డబ్బా బరువుగా ఉంది. తినలేదా? పొద్దున్నే లేచి వండింది నీకా, బస్సుకా, ఊరేగించడానికి?"

"పని పడిందక్కా. ఇప్పుడు తింటాను."

"ముప్ఫై ఏళ్ళ నుంచీ అదే పని, ఇవాళ కొత్తగా పడిందా?"

కోడత్త ముందు గదిలో కుర్చీలో కూలబడింది. మొహం పాలిపోయి ఉంది గానీ కళ్ళు నవ్వుతున్నాయి. "ఇవాళ నీ లెక్క తగిలిందక్కా."

"నా లెక్కా?"

"నువ్వు కరెంటుకు ఎన్నిసార్లు వెళ్ళావంటే, తెలియదని రాయించాను."

అక్క నడుం మీద చెయ్యి వేసుకుని చెల్లెలి మొహంలోకి చూసింది. "తెలియదా! పదిహేను రోజులూ నా పక్కన కూర్చుని, నా సంచీ మోసి, ఆ బల్ల ఎక్కనని నేనంటే నన్ను తిట్టి ఎక్కించినదానివి, తెలియదని రాశావా?"

"కాగితం లేదక్కా."

"నేనున్నాను కదే, ఇంత మనిషిని! నన్ను తీసుకుపోయి ఆ బల్ల మీద నిలబెట్టాల్సింది. గీతలు కూడా చూపించేదాన్ని." అని ఒక క్షణం ఆగి, తనే నవ్వింది. "పోనీలే. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, నా గురించి నాకే సరిగ్గా తెలియదు. నీ కంపెనీకేం తెలుస్తుంది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే అక్క వంటింట్లోకి వెళ్ళి డబ్బాలోని కూర వేడిచేయడం మొదలుపెట్టింది. వంట చేస్తూ మాట్లాడటం అక్కకు అలవాటు. ముందు గదిలోంచి ఊ కొట్టడం చెల్లెలికి అలవాటు. పై అంతస్తు ఆవిడ బాల్చీ ఎత్తుకుపోయి తిరిగివ్వని కథ చెబుతోంది అక్క. మంగళవారం నాడు అడిగితే ఏమంది, బుధవారం అడిగితే ఏమంది.

"...నీ బాల్చీ అని రుజువేమిటి అంటుందే మహాతల్లి!"

"ఊఁ."

"నేనూరుకుంటానా? పిడి దగ్గర మా చెల్లెలు కట్టిన తీగ ఉంది చూసుకో అన్నాను."

"ఊఁ."

"చూసింది. చూసి, తీగ ఎవరైనా కట్టొచ్చు అంది. విన్నావా? తీగ ఎవరైనా కట్టొచ్చట!"

కూర కుతకుతలాడింది. అక్క మంట తగ్గించింది.

"విన్నావుటే బుల్లీ?"

గరిటె గిన్నెలోనే వదిలేసి అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చెల్లెలు కుర్చీలో అలాగే కూర్చుని ఉంది, తల కాస్త పక్కకు వాలి, ఏదో కష్టమైన చేతిరాత చదువుతున్నట్టు. సాయంకాలపు వెలుగు ఇంకా గదిలో ఉంది. అక్క దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది చెయ్యి. చాలాసేపు ఆ చెయ్యి పట్టుకునే ఉంది. వంటింట్లో కూర మాడిన వాసన వచ్చాక గానీ కేక వేయాలని ఆమెకు తోచలేదు.

గుండె ఆగిందన్నారు, పిలవగానే వచ్చిన పక్కవీధి డాక్టరు. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన పని కూడా లేకపోయింది.

సోమవారం కమిటీ కూర్చుంది. పరిశోధన డాక్టరు మారిన పట్టికలు ముందు పెట్టింది. కొత్త పద్ధతిని ఆపడానికి కారణమేమీ కనిపించడం లేదన్నారు. యథాతథంగా సాగనివ్వాలని రెండు వాక్యాల తీర్మానం రాసి, తర్వాతి అంశానికి వెళ్ళిపోయారు. పదిహేను నిమిషాలు కూడా పట్టలేదు. ఎనిమిది మంది తెలియనివాళ్ళ గురించి ఒకాయన అడిగాడు. తెలియదంటే తెలియదేనని డాక్టరు చెప్పింది. మెమో రాలేదు. తీర్మానం సంగతి చెబుదామని కిందికి దిగివచ్చినప్పుడే డాక్టరుకు ఆ సీటు ఖాళీ అయిందని తెలిసింది.

గురువారం నాడు అక్క ఆఫీసుకు వచ్చింది. సెక్షన్ ఆఫీసరు ఎదురువెళ్ళి తీసుకొచ్చి, సంతకాలు పెట్టాల్సినచోట వేలు పెట్టి చూపించాడు. కోడత్త బల్ల మీది సామాను, శాలువా, కప్పు, కళ్ళద్దాల పెట్టె, ఒక అట్టపెట్టెలో సర్ది ఇచ్చారు. డాక్టరు ఆమెను చూడటానికే ఆగి ఉంది. పక్కన కూర్చుని, "చివరిరోజు మధ్యాహ్నమంతా మేడమ్ నాతోనే ఉన్నారు," అంది.

"నువ్వేనా అమ్మా కరెంటు లెక్కల డాక్టరువి?" అంది అక్క. అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని ఉంది. "వచ్చీరాగానే చెప్పింది. నన్ను తెలియని లెక్కలో వేసిందట. పదిహేను రోజులూ దాని చెయ్యి పట్టుకునే వెళ్ళాను. ఒక్కరోజు మానలేదు, మాననివ్వలేదు. అయినా తెలియదని రాయించింది, చూడు!" ఆ మాటలో ఫిర్యాదు ఎంత ఉందో గర్వం అంత ఉంది.

 డాక్టరు అట్టపెట్టె తను అందుకుని, ఆమెను కింద బస్సు దాకా దిగబెట్టి వచ్చింది. తిరిగి వచ్చి కంప్యూటర్ తెరిచింది. నూట తొంభై రెండో వరస చూసింది. ఆ మధ్యాహ్నం కోడత్త గొంతు ఆగింది అక్కడొక్కచోటే. ఇప్పుడు ఆ వరస సంగతి ఆమెకు తెలుసు. కమిటీకిచ్చిన నివేదిక అచ్చుకు వెళ్ళడానికి ఇంకా రెండు రోజుల టైముంది. ఆమె ఆ వరసను అలాగే ఉంచి, పట్టిక మూసేసింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక ఊడ్చే మనిషి వచ్చింది. ఖాళీ సీటని వదిలేయకుండా అన్నిటి కిందా ఊడ్చినట్టే దాని కిందా ఊడుద్దామని కుర్చీ వెనక్కి లాగి వంగింది. బల్ల కింద, లోపలికి, గోడ వారగా ఒక జత మెత్తటి బట్ట చెప్పులున్నాయి. అట్టపెట్టె సర్దినవాళ్ళు అంత కిందికి వంగి చూసినట్టు లేదు. కుడికాలి చెప్పు మడమ దగ్గర బాగా అరిగి, ఒకచోట నల్లదారంతో కుట్టి ఉంది. ఊడ్చే మనిషి వాటిని చేత్తో తీసి పక్కన పెట్టి, దుమ్మంతా లాగి, తడిగుడ్డతో తుడిచింది. నేల ఆరేదాకా చీపురు పట్టుకుని నిలబడి, చెప్పులను మళ్ళీ లోపల, వేళ్ళ వైపు గోడకు, పక్కపక్కనే పెట్టి, కుర్చీ ముందుకు జరిపింది.